వృత్తా, ఉద్యోగమా? మాస్టారి బోనస్ మీద గంట గొడవ

(స్టూడియో చర్చకు అక్షర రూపం. నలుగురూ ఒకేసారి మాట్లాడిన చోట చెవికి అందినంతే రాశాం. అలాంటి చోట్లు చాలానే ఉన్నాయి.)

యాంకర్: నమస్కారం. టీచర్ల ఇంక్రిమెంట్లను పిల్లల పాస్ శాతంతో ముడిపెట్టాలన్న ప్రతిపాదన మీద వారం నుంచి రచ్చ నడుస్తోంది. కష్టపడేవాళ్లకు ఫలితం ఉండొద్దా అని కొందరు. చదువును కూలి లెక్కలోకి దింపుతారా అని ఇంకొందరు. ఈరోజు రెండు వైపులా సమానంగా వింటాం. విశ్రాంత విద్యాధికారి గారు, ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్న టీచర్ గారు, యూనివర్సిటీ ప్రొఫెసర్ గారు, ఇద్దరు పిల్లల తల్లి ఒకరు మనతో ఉన్నారు. అందరికీ నాది ఒకటే ప్రశ్న. టీచర్‌ది వృత్తా, ఉద్యోగమా? ఒక్క మాటలో. మేడమ్, మీరు చెప్పండి.

టీచర్: ఒక్క మాటలో అంటే కష్టమండీ. పోయినేడాది ఆరో తరగతిలో ఒక అమ్మాయి నా దగ్గరికొచ్చింది. ఒత్తులు చదవడం రాదు. ‘అమ్మ’ అని రాసుంటే ‘అమ’ అని చదివేది. నేనేం చేశానంటే...

అధికారి: ఒక్క నిమిషం యాంకర్ గారూ.

యాంకర్: సార్, మీ దగ్గరికే వస్తున్నా.

అధికారి: మీరు వచ్చేదేముంది, నేనే వచ్చేశాను. ఇలాంటి అమ్మాయి ప్రతి స్టాఫ్‌రూమ్‌లోనూ ఒకరు ఉంటారండీ. సర్వీసంతా ఈ కథలే విన్నాను. తరగతిలో మిగతా ముప్పై తొమ్మిది మంది సంగతేంటి? పక్కపక్క గదుల్లో ఇద్దరు టీచర్లు. ఒకాయన బెల్లు కొట్టేదాకా బోర్డు వదలడు. రెండో ఆయన హాజరు పిలిచి, ‘పాఠం చదువుకోండిరా, మధ్యలో అడుగుతా’ అని కుర్చీలో కూర్చుంటాడు. ఆ మధ్య ఎప్పటికీ రాదు. ఒకటో తారీఖున ఇద్దరికీ ఒకటే జీతం. సీనియారిటీ ఉంటే కుర్చీలో ఆయనకే ఎక్కువ!

యాంకర్: అంటే ఉద్యోగమే అంటారు?

అధికారి: నేనేమీ అనట్లేదు, లెక్క చెబుతున్నా. ఆంధ్రప్రదేశ్ పల్లెటూరి బడుల్లోనే ఈ పరీక్ష జరిగింది. 2005లో మొదలైంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు. లాటరీ తీసినట్టు బడుల్ని ఏరారు. వంద బడుల్లో ఏ టీచర్‌కు ఆ టీచర్‌కే బోనస్, ఇంకో వంద బడుల్లో టీచర్లందరికీ కలిపి, మరో వంద బడుల్లో ఏమీ లేదు. రెండేళ్లు తిరిగేసరికి బోనస్ బడుల పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 స్టాండర్డ్ డీవియేషన్ ముందున్నారు.

తల్లి: అంటే ఎన్ని మార్కులండీ?

అధికారి: చాలా అమ్మా. వందమందిని వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లవాడు లెక్కల్లో పదిమందిని దాటుకుని ముందుకెళ్లాడన్నమాట. బోనస్ ఎంతనుకున్నారు? సగటున ఏడాది జీతంలో మూడు శాతం. మూడే మూడు! పైగా బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా మార్కులు పెరిగాయి.

ప్రొఫెసర్: ఆ పరిశోధన పేపర్ 2011లో అచ్చయింది, నేనూ చదివాను. అందులో ఇంకో రెండు సంగతులున్నాయి. ఒకటి, టీచర్ల గైర్హాజరు తగ్గలేదు. మారింది వచ్చిన రోజు చెప్పిన తీరు. అదనపు క్లాసులు, ఇంటిపని, ప్రాక్టీసు పరీక్షలు పెరిగాయి. రెండోది అసలైనది...

అధికారి: చూశారా, ఆయనే ఒప్పుకున్నారు!

ప్రొఫెసర్: ఏం ఒప్పుకున్నాను?

అధికారి: చెప్పే తీరు మారిందన్నారుగా. ఇంకేం కావాలి!

యాంకర్: ప్రొఫెసర్ గారూ, రెండో పాయింట్‌కు వద్దాం, కానీ ముందు నా ప్రశ్న. వృత్తా, ఉద్యోగమా?

ప్రొఫెసర్: ఆ రెండో పాయింటే అవసరమండీ. అక్కడ డబ్బిచ్చింది పాస్ శాతానికి కాదు, పిల్లల సగటు ఎంత పెరిగిందన్నదానికి. మధ్యలో బడి మానేసిన పిల్లల్ని కూడా లెక్కలోంచి తీసేయలేదు, వాళ్ల భారం సగటు మీద పడేలా చూశారు. ఇప్పుడు మన ముందున్న ప్రతిపాదన పాస్ శాతం గురించి. మొద్దబ్బాయిని పరీక్షకు రానివ్వకపోతే శాతం పెరుగుతుంది. రెండూ ఒకటెలా...

అధికారి: మొద్దబ్బాయి అంటారేంటండీ? ప్రొఫెసర్ గారు పిల్లల్ని మొద్దులంటున్నారు!

ప్రొఫెసర్: అయ్యో, నేను...

అధికారి: లైవ్‌లో అన్నారు. అందరూ విన్నారు.

(ఇక్కడి నుంచి దాదాపు మూడు నిమిషాలు ‘మొద్దు’ అన్న మాట మీదే పోయాయి. ప్రొఫెసర్ గారు రెండుసార్లు క్షమాపణ చెప్పుకున్నారు. పెరుగుదలకూ పాస్ శాతానికీ తేడా ఏమిటన్న మాటకు మళ్లీ ఎవరూ రాలేదు. ఆ గంటలో వచ్చిన పనికొచ్చే మాటల్లో అదొకటి.)

తల్లి: నాకో చిన్న అనుమానం. మా వాడికి లెక్కలు రావట్లేదని ట్యూషన్ పెట్టించాం. ముప్పై ఐదు వచ్చేవాడికి డెబ్బై వచ్చాయి. ఇప్పుడు ఆ బోనస్ ఎవరికి? బళ్లో మాస్టారికా, ట్యూషన్ మాస్టారికా, ఫీజు కట్టిన నాకా?

(స్టూడియోలో నవ్వులు.)

యాంకర్: మంచి ప్రశ్న! ఇంతకీ బడిలో ఆ మాస్టారిది వృత్తి అనిపించిందా మీకు, ఉద్యోగం అనిపించిందా?

తల్లి: ఆయన మొహం కూడా సరిగ్గా చూడలేదండీ. మీటింగ్ రోజున ఎన్నికల డ్యూటీలో ఉన్నారట.

టీచర్: అదేనండీ నేను చెప్పేది. ఓటర్ల జాబితా మాదే, సర్వే మాదే, యాప్‌లో ఫొటోలు ఎక్కించేదీ మేమే. అవన్నీ అయ్యాక మిగిలిన టైములో పాఠం. ఆ అమ్మాయికి నేను మధ్యాహ్నం అన్నాలయ్యాక పావుగంట...

అధికారి: ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. అందరికీ ఆ డ్యూటీలున్నాయి. మరి కొందరి క్లాసులో పిల్లలకు చదువెలా వస్తోంది? అసలు ముందు బడికి రావాలి కదా! రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గర సేవామందిర్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల బడుల్లో ఏం చేశారో చెప్తా వినండి. టీచర్‌కు కెమెరా ఇచ్చారు. తారీఖూ టైమూ ఎవరూ మార్చలేని కెమెరా. పొద్దున ఒక ఫొటో, సాయంత్రం ఒక ఫొటో, పిల్లలతో కలిపి. ఎన్ని రోజులొస్తే అంత జీతం. ఎగ్గొట్టేవాళ్లు 42 శాతం నుంచి 21 శాతానికి దిగారు. సగం!

యాంకర్: సగమా! అంటే కెమెరా పెడితే సరిపోతుందా?

ప్రొఫెసర్: అవి ఒకే టీచర్ నడిపే చిన్న బడులు, జీతం నేరుగా రోజులతో...

అధికారి: సరిపోతుంది. నేనెప్పుడో చెప్పాను, ఎవరు విన్నారు? నేను సర్వీసులో ఉన్నప్పుడు ఒక బడికి తనిఖీకి వెళ్లాను. పదకొండైంది. గేటుకు తాళం. గోడ మీద ఇద్దరు పిల్లలు కూర్చుని కాళ్లూపుకుంటున్నారు. ‘సార్ ఏరిరా’ అంటే, ‘మీరు కాదా సార్?’ అన్నారు. కొత్త మాస్టారొచ్చారనుకున్నారు నన్ను!

(ఈ కథ బాగుంది, నిజానికి ఆ గంటలో అందరూ నోరు మూసుకుని విన్నది ఇదొక్కటే. దీని మీద కెమెరాలు, వేలిముద్రలు, నెట్‌వర్క్ దొరకని చోట టీచర్లు ఫోన్ పైకెత్తి తిరగడం... అలా చాలాసేపు వెళ్లింది.)

యాంకర్: మళ్లీ విషయానికొద్దాం. ప్రొఫెసర్ గారూ, బోనస్‌తో అసలు ప్రమాదం ఏంటి? సూటిగా.

ప్రొఫెసర్: కొత్తదేం కాదండీ. ఇంగ్లండ్‌లో 1862లోనే చేశారు. ఇన్‌స్పెక్టర్ బడికొచ్చి ఒక్కో పిల్లవాడికి చదవడం, రాయడం, లెక్కలు పరీక్ష పెడతాడు. తప్పినకొద్దీ బడికిచ్చే డబ్బులో కోత. ఏమైంది? ఆ మూడూ తప్ప మిగతావి మూలనపడ్డాయి. పిల్లలకు వాచకం మొత్తం బట్టీ పట్టించారు. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా గడగడా చదివేసేవాళ్లట! మూడు దశాబ్దాలకు పైగా నడిపి, ఆఖరికి వదిలేశారు.

అధికారి: నూటయాభై ఏళ్ల కిందటి మాట!

ప్రొఫెసర్: సరే, ఈ మధ్యదే చెప్తా. అమెరికాలో అట్లాంటా. పిల్లల ఆన్సర్ షీట్లలో తప్పు జవాబు చెరిపి ఒప్పు దిద్దినవి లెక్కకు మించి కనిపించాయి. 2011లో విచారణ నివేదిక వచ్చింది. చూసిన 56 బడుల్లో 44 చోట్ల మోసం. టీచర్లు, హెడ్‌మాస్టర్లు కలిపి 178 మంది పేర్లు. రబ్బరు పట్టుకున్నది పిల్లలు కాదు సార్, పెద్దవాళ్లు.

అధికారి: ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా? పట్టుకోండి, శిక్షించండి! వాళ్లు దొంగతనం చేశారంటే తప్పు బోనస్‌దా, దొంగదా?

యాంకర్: బోనస్‌దా, దొంగదా! ప్రొఫెసర్ గారూ?

ప్రొఫెసర్: రెండూ అండీ. పైగా అక్కడ భయం పెద్ద కారణం, మార్కులు రాకపోతే ఉద్యోగం...

అధికారి: రెండూ అంటే సమాధానం లేదన్నమాట.

టీచర్: కెన్యాలో కూడా ఒకటి చేశారు సార్, యాభై బడుల్లో. మా ట్రైనింగ్‌లో చెప్పారు. బహుమతి ఉన్నన్నాళ్లూ ఆ పరీక్షలో మార్కులు పెరిగాయి. ప్రోగ్రాం ఆగిపోయాక నిలవలేదు. పరీక్ష ముందు స్పెషల్ క్లాసులు పెరిగాయి తప్ప, టీచర్ల హాజరు పెరగలేదు.

(టీచర్ గారు కథ కాకుండా లెక్క చెప్పింది ఇప్పుడే. ఎవరూ పట్టించుకోలేదు. యాంకర్ చెవిలో ఎవరో ఏదో చెబుతున్నట్టుంది.)

యాంకర్: యూనివర్సిటీల సంగతికి వద్దాం. ప్రొఫెసర్ గారూ, మీకు కూడా పేపర్‌కు ఇంతని పాయింట్లున్నాయి కదా. మీది వృత్తా, ఉద్యోగమా?

ప్రొఫెసర్: మాది ఇప్పుడు లెక్కల పుస్తకం అయిందండీ. మన దగ్గర 2010లో యూజీసీ పాయింట్ల పద్ధతి తెచ్చింది. సెమినార్‌కు ఇన్ని, పేపర్‌కు ఇన్ని అని. పక్క గదిలో కూర్చునే నా మిత్రుడొకడు ఒకే పరిశోధనను మూడు ముక్కలు చేసి మూడు పేపర్లు వేశాడు. మూడింటికీ ఉపోద్ఘాతం ఒకటే, ఆఖరి పట్టిక ఒక్కటే మారింది. నేను ఒకటే పేపర్ మీద నాలుగేళ్లు కూర్చున్నాను. ప్రమోషన్ ఎవరికొచ్చిందో అడగకండి. చైనాలో అయితే పెద్ద పత్రికలో పేపర్ వస్తే రొక్కం ఇచ్చేవాళ్లు, కొన్నిచోట్ల ఒక్కదానికి 1,65,000 డాలర్ల దాకా. చివరికి 2020లో ప్రభుత్వమే ఆ రొక్కం ఆపమంది. 2023లో హిందావి అనే ఒక్క ప్రచురణ సంస్థే ఎనిమిది వేలకు పైగా పేపర్లు వెనక్కి తీసుకుంది. దొంగ పేపర్లు రాసిచ్చే దుకాణాలు నడుస్తున్నాయి.

అధికారి: మరి మీ మిత్రుడి మీద ఫిర్యాదు చేశారా?

ప్రొఫెసర్: అది కాదండీ పాయింట్...

అధికారి: చేయలేదు! చూశారా? లోపలివాళ్లు మాట్లాడరు. పిల్లికి ఎలుక సాక్ష్యం. అందుకే బయట నుంచి కొలవాలి అంటున్నా.

ప్రొఫెసర్: భౌతిక శాస్త్రవేత్త పీటర్ హిగ్స్‌కు 2013లో నోబెల్ వచ్చింది, 1964లో రాసిన పేపర్‌కు. ఇప్పటి లెక్కల్లో నాకు యూనివర్సిటీలో ఉద్యోగం కూడా దొరికేది కాదని ఆయనే అన్నారు.

అధికారి: మీ డిపార్ట్‌మెంట్‌లో ఎంతమంది హిగ్స్‌లున్నారండీ?

(మళ్లీ నవ్వులు. నవ్వు ఎటు ఉంటే చర్చ అటు మొగ్గుతుంది. అధికారి గారికి ఈ సంగతి బాగా తెలుసు.)

తల్లి: నేనొకటి అడగొచ్చా? ఎంతసేపూ మార్కులంటున్నారు. మా చిన్నదానికి బడంటే భయం. ఆ భయం పోగొట్టిన టీచర్‌కు ఏమిస్తారు? అది ఏ కాలమ్‌లో రాస్తారు?

అధికారి: దానికీ కాలమ్ పెట్టొచ్చమ్మా. ఫీడ్‌బ్యాక్ ఫారం.

టీచర్: ఫీడ్‌బ్యాక్ ఫారమా! రెండో తరగతి పిల్లతోనా?

అధికారి: మీరు ప్రతిదానికీ అడ్డు చెబుతున్నారు మేడమ్. కొలవడానికి భయమెందుకు? బాగా చెప్పేవాళ్లకు భయమెందుకు? దీనికి సమాధానం చెప్పండి.

టీచర్: భయం కాదండీ. మిగతా టీచర్ల ప్లానులు నేను చూస్తాను, నావి వాళ్లు చూస్తారు. ‘ఈ పాఠం ఎలా చెప్పావక్కా’ అని అడుగుతారు. రేపు పక్క క్లాసు శాతం నా ఇంక్రిమెంట్‌కు పోటీ అయితే, ఎవరు ఎవరికి చెబుతారు?

అధికారి: బడి మొత్తానికి కలిపి ఇద్దాం అప్పుడు!

ప్రొఫెసర్: మీరు చెప్పిన ఆ పరీక్షలోనే అయిదేళ్లయ్యాక చూస్తే, కలిపి ఇచ్చిన బడుల కంటే విడివిడిగా ఇచ్చిన చోటే...

అధికారి: అదే, అదే! విడివిడిగా ఇవ్వాలనే కదా నేనూ అంటున్నా!

ప్రొఫెసర్: ఇప్పుడే కలిపి అన్నారు!

(అందరూ ఒకేసారి. ‘లెక్క’ అన్న మాట తప్ప ఏదీ తెలియడం లేదు.)

యాంకర్: టైమ్ అయిపోతోంది. చివరి రౌండ్. ఒక్కొక్కరికి పదిహేను సెకన్లు. వృత్తా, ఉద్యోగమా? సార్?

అధికారి: జీతం తీసుకుంటున్నంత కాలం ఉద్యోగమే. వృత్తి అనేది గోడ మీద కొటేషన్. కొలవండి, ఇవ్వండి. కొలవలేనిదాన్ని పట్టుకుని ఇన్నేళ్లు కాలం గడిపాం. నా అనుభవంలో... (నిమిషం పైగా మాట్లాడారు. గడియారం ఎవరూ చూపించలేదు.)

యాంకర్: స్పష్టంగా చెప్పారు సార్. ప్రొఫెసర్ గారూ, అయిదు సెకన్లు.

ప్రొఫెసర్: అయిదు సెకన్లలో... పాస్ శాతం కాదు, పెరుగుదల అన్నాను, అదొక్కటి...

యాంకర్: థాంక్యూ. మేడమ్, మీ అమ్మాయి కథ మధ్యలో ఆగింది. ఏడాది చివర్లో ఆమెకు ఎన్ని మార్కులొచ్చాయి?

టీచర్: ఇరవై ఏడు. వందకి.

యాంకర్: ఇరవై ఏడా? అంటే ఫెయిల్! సార్ అన్నట్టు, అంత కష్టపడ్డా ఫలితం మాత్రం...

టీచర్: ఏడాది మొదట్లో రెండు మార్కులండీ. పేరు కూడా నేనే రాసిచ్చేదాన్ని. మొన్న నాకు ఉత్తరం...

యాంకర్: మొత్తానికి ఈ రోజు చర్చలో కొలమానం కావాలన్నదే ఎక్కువగా వినిపించింది. రెండు వైపులా సమానంగా విన్నాం. నమస్కారం.

(ముగింపు సంగీతం. దాని కింద టీచర్ గారి గొంతు, ‘...ఒత్తులు తప్పు లేకుండా...’ అని లీలగా. ఆ పైన ఇంకో గొంతు, చాలా స్పష్టంగా:)

అధికారి: నా చివరి పాయింట్ ఇంకొకటుంది.