బస్రా వెళ్లిన ముత్తాతను కాగితాల్లో వెతకడం

సభాధ్యక్షులకు, పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

"మా ముత్తాత బస్రా వెళ్లొచ్చాడట" అన్న ఒక్క మాట, అంటే నేటి ఇరాక్‌లోని రేవుపట్నం పేరు తప్ప మరే ఆధారమూ మిగలని కుటుంబాలు మన జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నాయి. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి మిలిటరీ మాధవరమనే పేరు స్థిరపడింది కాబట్టి అక్కడ ఆ జ్ఞాపకం ఊరందరిదీ. మిగిలిన చోట్ల అది ఒక్కొక్క ఇంటి లోపలే ఉండిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధానికి భారతదేశం నుంచి పది లక్షల మందికి పైగా సముద్రం దాటి వెళ్లారు, వారిలో ఎక్కువ మంది చేరింది మెసపొటేమియాకు, అంటే నేటి ఇరాక్‌కు. ఇంతమందిలో ఒక్కరిని పట్టుకోవాలంటే పేరుతో కాక, నంబరుతో, పటాలంతో మొదలుపెట్టాలన్నదే నేను చెప్పదలచిన విషయం.

ఆ రెండూ చాలాసార్లు ఇంట్లోనే ఉంటాయి. ట్రంకుపెట్టె అడుగున ఒక వైపు అయిదవ జార్జి తల, మరో వైపు గుర్రం మీద మనిషి ఉన్న వెండి బిళ్ల దొరికితే అది బ్రిటిష్ వార్ మెడల్. బొమ్మను చూసి పక్కన పెట్టేయకుండా, భూతద్దం తీసుకొని దాని అంచును వెలుతురులో మెల్లగా తిప్పి చూడండి. సిపాయి నంబరు, హోదా, పేరు, దళం ఆ సన్నని అంచు మీద ఇంగ్లిషు అక్షరాల్లో అచ్చు వేసి ఉంటాయి. అదే పతకం కంచుదైతే ఆయన తుపాకీ పట్టిన సిపాయి కాక, లేబర్ కోర్ అనే కూలి పనుల దళం వంటి దానిలో పనిచేసి ఉండే అవకాశం ఎక్కువ. అది చిన్నతనమేమీ కాదు, వెతకవలసిన చోటు మాత్రం మారుతుంది. వెండి కదా అని పతకాన్ని కంసాలికి ఇచ్చేసిన ఇళ్లు కూడా ఉన్నాయి. అలాంటి వారు డిశ్చార్జి సర్టిఫికెట్టునో పింఛను కాగితాన్నో వెతుక్కోవాలి. నంబరు ఒక్కటే దొరికినా చాలదు, ఎందుకంటే అప్పట్లో ఏ రెజిమెంటు నంబర్లు దానివే.

ఇక ఊరి విషయం. పశ్చిమ గోదావరి జిల్లా 1925లో గాని ఏర్పడలేదు. అంతకుముందు తాడేపల్లిగూడెం ప్రాంతం కృష్ణా జిల్లాలో ఉండేది కాబట్టి 1916 నాటి కాగితంలో కృష్ణా అని ఉంటే అది మరెవరిదో అనుకొని వదిలేయకూడదు. 1950లో ఏర్పడిన శ్రీకాకుళం జిల్లా మనుషులనూ ఆనాటి విశాఖపట్నం, గంజాం జిల్లాల కింద చూడాలి. పేరు దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ: ఇంటిపేరు ఉండకపోవచ్చు, వెంకటస్వామి నాలుగు విధాల వర్ణక్రమంతో కనిపించవచ్చు, అందువల్ల తండ్రి పేరు, ఊరు, తాలూకా కలిసే దాకా ఎవరినీ మనవాడని నిర్ణయించకూడదు.

పటాలం తెలిశాక దాని తరువాతి చరిత్రను కూడా చూడాలి. ఉదాహరణకు 73వ కర్ణాటిక్ ఇన్‌ఫాంట్రీ అనే పదాతి దళం 1922లో 3వ మద్రాస్ రెజిమెంటులో మొదటి బెటాలియన్ అయింది. ఆ రెజిమెంటు బెటాలియన్లను ఆ దశకంలోనే పొదుపు పేరిట రద్దు చేసి, రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చాక 1941లో మద్రాస్ రెజిమెంటును మళ్లీ నిలబెట్టారు. సైన్యానికి వంతెనలు, దారులు వేసే ఇంజనీరింగ్ దళమైన మద్రాస్ శాపర్లది ఇందుకు భిన్నమైన కథ. వారి పరంపర తెగలేదు, బెంగళూరులోని వారి కేంద్రంలో మ్యూజియం కూడా ఉంది.

లండన్ శివార్లలోని క్యూలో ఉన్న బ్రిటన్ జాతీయ అభిలేఖాగారంలో (నేషనల్ ఆర్కైవ్స్‌లో) పటాలాల యుద్ధ దినచర్యలు భద్రంగా ఉన్నాయి. వాటిలో ఇంగ్లిషు అధికారుల పేర్లు ఉంటాయి, సిపాయిలు మాత్రం ఇంతమంది గాయపడ్డారు, ఇంతమంది పోయారు అన్న లెక్కగానే సాధారణంగా కనిపిస్తారు. అయినా వాటిని చదవాలనే నేనంటాను. ముత్తాత మద్రాస్ శాపర్ల 12వ లేదా 13వ కంపెనీలో ఉన్నట్లు తేలితే, ఆ కంపెనీలు 14వ భారత డివిజనుతో ఉన్నాయని, ఆ డివిజను 1917 ఫిబ్రవరి 23న షుమ్రాన్ వంపు దగ్గర టైగ్రిస్ నదిని దాటిందని, మార్చి 11న బాగ్దాదు పట్టుబడిందని తెలుస్తుంది. ఆయన ఆ రోజున ఏ పడవలో ఉన్నాడో తెలియకపోయినా, "బస్రా" అన్న ఇంటిమాటకు ఒక నది, ఒక తేదీ దొరుకుతాయి.

తిరిగిరాని వారి కోసం, యుద్ధమృతుల సమాధులను, స్మారకాలను చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాను చూడాలి. బస్రా స్మారకం 40 వేలకు పైగా మృతులది. కానీ భారతీయుల్లో అధికారుల పేర్లే చెక్కి, మామూలు సిపాయిలను వారి పటాలం కింద అంకెగా వేశారు. ఇది రాయి చాలక జరిగినది కాదు, మనుషులను తూచిన తీరు. స్మరణలో సమానత్వం పాటించలేదని కమిషనే 2021 నివేదికలో ఒప్పుకుంది.

నైజాం రాజ్యం నుంచి వెళ్లిన వారి దారి వేరు. 1918లో నేటి ఇజ్రాయెల్‌లోని హైఫా పట్టణం కోసం పోరాడిన బ్రిగేడులో భాగమైన హైదరాబాద్ లాన్సర్లు అనే గుర్రపు దళం సంస్థానపు సేన కాబట్టి, వారి కోసం హైదరాబాద్‌లోని రాష్ట్ర పురాభిలేఖాల్లో, ఉర్దూ తెలిసిన వారిని వెంటబెట్టుకొని వెతకాలి. పంజాబు వారికి లాహోర్ మ్యూజియంలో దొరికిన రిజిస్టర్లలో 3,20,000 మంది వివరాలు ఊళ్ల వారీగా ఉన్నాయి. అవి పంజాబుకే పరిమితం. కనుక మన దగ్గర ముందుగా జరగవలసింది పతకం అంచును, పింఛను కాగితం రెండు వైపులా ఫోటో తీసి ఉంచడం, ఇంట్లో పెద్దవారు చెప్పే ఊరి పేర్లను వారు పలికినట్లే రాసి పెట్టడం.