ఉగాది విందుకి ముగ్గురు పరదేశీ అతిథులు

హోస్ట్: నమస్కారం. ఈసారి ముచ్చట, వేరే దేశాల వాళ్ళని పండక్కి పిలిచి మన భోజనం పెట్టడం గురించి. బయట ఎవరినో వెతకడం ఎందుకని మా వదిననే మైకు ముందు కూర్చోబెట్టాను. ఉండేది తార్నాకలో. అటు ఉస్మానియా, ఇటు ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూ, విదేశీ విద్యార్థులకి కొదవ లేని చోటు. వదినా, 2024 ఉగాది సంగతి చెప్పండి.

వదిన: ఆ ఏడు ఉగాది ఏప్రిల్ 9న పడింది. సూడాన్ నుంచి ఒక అమ్మాయి, ఇథియోపియా అబ్బాయి, జర్మనీ నుంచి పరిశోధనకి వచ్చిన ఇంకో అమ్మాయి. పిలిచేటప్పుడే అడిగాను, మీకు పడనివి, తినకూడనివి ఏంటని. సూడాన్ అమ్మాయి "అన్నీ తింటాను ఆంటీ, కాకపోతే పొద్దుగూకాక" అంది. రంజాన్ ఉపవాసాలు ఇంకా అవలేదు. ఇథియోపియా అబ్బాయి ఆర్థడాక్స్ క్రైస్తవుడు. వాళ్ళకి ఈస్టర్ ముందు 55 రోజులు మాంసమే కాదు, పాలు, పెరుగు, నెయ్యి కూడా ముట్టరట. ఆ ఏడు వాళ్ళ ఈస్టర్ మే 5న. జర్మనీ అమ్మాయికి గోధుమ పడదు.

హోస్ట్: అంటే మధ్యాహ్న భోజనం లేదు, నెయ్యి లేదు, పెరుగు లేదు, బొబ్బట్టు లేదు. ఇంకేం ఉగాది!

వదిన: అత్తయ్య కూడా అచ్చం అదే అన్నారు. బక్షాలు, అదే బొబ్బట్లు, లేని ఉగాది ఏంటని. నాకు మాత్రం టెన్షన్ పడాల్సిందేమీ కనపడలేదు. మన వంటింట్లోనే అన్నిటికీ దారి ఉంది. పూర్ణం బూరెలు చేశాను. లోపల శనగపప్పు, బెల్లం. పైన తోపు పిండి మినప్పప్పు, బియ్యంతో. గోధుమ లేదు, పాలు లేవు. మనం బూరెకి చిల్లు పెట్టి నెయ్యి పోస్తాం చూడు, అతనికి అది మానేస్తే చాలు. బక్షాలూ అయ్యాయిలే, వేరే పెనం మీద కాల్చి వేరే పళ్ళెంలో పెట్టాం. గారెలకి అసలు ఇబ్బందే లేదు. మామిడికాయ పప్పులోకి అతనికి నెయ్యి బదులు నువ్వుల నూనె వేశాను.

హోస్ట్: ఇంగువ?

వదిన: బాగా గుర్తు చేశావు. ఇంగువ డబ్బా వెనక చదువు, చాలావాటిలో గోధుమ పిండో మైదానో కలుపుతారు. అందుకని ఆ రోజు పులిహోరలో ఇంగువ లేదు. చారులో జీలకర్ర, మిరియాలు దంచి వేశాను. పల్లీలు, జీడిపప్పు, నువ్వులు కూడా ముందే అడగాలి. పొద్దున్నే తాలింపులో పడిపోయాక అడిగి లాభం లేదు.

హోస్ట్: సాయంత్రం ఉగాది పచ్చడి తాగడమేంటని అమ్మ అనలేదా?

వదిన: అనకుండా ఉంటారా? పొద్దున నైవేద్యం అయ్యాక మనవాళ్ళందరం తాగేశాం. అత్తయ్యది వరంగల్ కదా, కొత్త కుండలో చింతపండు రసం పల్చగా కలిపి గ్లాసుల్లో పోస్తారు. మా గుంటూరు వైపు చిక్కగా చేసి చేతిలో పెడతారు. కొత్తవాళ్ళకి మీ పద్ధతే నయం, ఒక గుక్కలో అయిపోతుంది. వేపపువ్వు మాత్రం విడిగా ఉంచి సాయంత్రమే కలిపాను. పొద్దుట్నించీ నానితే చేదు మరీ ఎక్కుతుంది. ఆరున్నర దాటాక సూడాన్ అమ్మాయి ఖర్జూరం తిని, మంచినీళ్ళు తాగి, ఆ తర్వాత పచ్చడి తాగింది.

హోస్ట్: కారం తగ్గించారా?

వదిన: ఎవరి కోసం? ఇథియోపియా వాళ్ళ బెర్బెరే మసాలా నిండా ఎండుమిర్చే. అతను చల్లమిరపకాయ చూసి, ఇది పెరుగులో ఊరింది కాబట్టి వద్దు అన్నాడు కానీ కారం గురించి కాదు. విదేశీయులంటే చప్పగా తింటారని ఎవరు చెప్పారో మనకి! చేత్తో తినడం కూడా అంతే. నేనేదో నేర్పుదామనుకునేలోపు ఆ ఇద్దరూ కుడిచేత్తో చక్కగా కలుపుకుంటున్నారు. జర్మనీ అమ్మాయికి వాళ్ళే చూపించారు. ఆ అమ్మాయికి చెంచా పక్కనే పెట్టాను, వాడిందో లేదో నేను చూడలేదు.

హోస్ట్: మరి అసలు ఇబ్బంది ఎక్కడొచ్చింది?

వదిన: వరుసలో. ఆకులో అన్నీ ఒకేసారి కనిపిస్తాయి కదా, వాళ్ళు పులిహోరతోనే కడుపు నింపేసుకుంటారు. పప్పు, కూర, పులుసు, చారు, చివరికి పెరుగు, అన్నం మళ్ళీ మళ్ళీ వస్తుందని ఎవరో ఒకరు చెప్పాలి. అందుకే మొదట అన్నం రెండు ముద్దలే వడ్డించాను. ఇంకోటి, ఆకు ఖాళీ చేయడమే మర్యాద అని కొందరికి అలవాటు. ఖాళీ కనిపిస్తే మనం ఊరుకుంటామా, మళ్ళీ వడ్డిస్తాం. జర్మనీ అమ్మాయి అలాగే గారెల మీద గారెలు తింటోంది, పాపం. చాలనుకుంటే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టమన్నాను. మాటతో వద్దంటే మనవాళ్ళు వినరు కదా, ముఖ్యంగా మీ అన్నయ్య.

హోస్ట్: అన్నయ్య చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందులోంచి వేస్తాడు.

వదిన: అందుకే వడ్డన నేనే చేశాను. పెరుగు దగ్గర మాత్రం కొంచెం ఆలోచించాను. ఇథియోపియా అబ్బాయికి చారుతోనే ముగించాను. తక్కిన ఇద్దరూ పెరుగన్నం తింటుంటే ఊరికే కూర్చోకుండా అతని ఆకులో ఇంకో బూరె వేశాను. ఉపవాసం అయ్యాక పెరుగు కోసం మళ్ళీ వస్తానన్నాడు.

హోస్ట్: హాస్టల్‌కి ఏమైనా కట్టిచ్చారా?

వదిన: పులిహోర ఇచ్చాను. చింతపండు, నూనె ఉంటాయి కాబట్టి మర్నాడు పొద్దున్న కూడా బాగుంటుంది. సూడాన్ అమ్మాయి తెల్లవారుజామున సహరీకి తింటానంది. గారెలు మాత్రం కట్టను. చల్లారిన గారె పెట్టి నా పేరు చెడగొట్టుకోవాలా?

హోస్ట్: నాకెప్పుడూ పులిహోర కట్టివ్వలేదే!

వదిన: నువ్వు మిగిలిస్తే కదా.