విన్నిపెగ్‌లో వార్తలు ఎక్కడ చూడాలి? యాప్‌లు, రేడియో, పేపర్ రివ్యూ

నమస్కారం. జనవరి రాత్రి, విన్నిపెగ్. బయట మైనస్ 30. ఇంతలో వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చి పడుతుంది: "రేపు స్కూళ్ళు లేవు, బస్సులు తిరగవు, రోడ్డు మీద కారు పెడితే ఎత్తుకెళ్ళిపోతారు." ఎవరు చెప్పారో తెలీదు, ఏ వీధి గురించో తెలీదు, అసలు ఈ ఏడాదిదో కాదో కూడా తెలీదు. అందులో ఏది నిజమో రెండు నిమిషాల్లో తేల్చుకోవడం ఎలాగో ఈ వీడియోలో చూద్దాం. విన్నిపెగ్‌లో ఉండేవాళ్ళకి వార్తలు ఇచ్చే యాప్‌లు, రేడియో, పేపర్లు ఏవి ఏ పనికి వస్తాయి, ఎక్కడ బోల్తా కొడతాయి, అన్నీ మాట్లాడుకుందాం.

మన ఊళ్ళలో వార్తని వెతుక్కోనక్కర్లేదు. టీ కొట్టు దగ్గరో, టీవీ స్క్రోలింగ్‌లోనో, పక్కింటి పిన్నిగారి నోటనో అదే మన చెవిన పడుతుంది. ఇక్కడ ఆరు నెలలు కిటికీలు బిగించుకుని కూర్చుంటాం. వీధిలో ఏం జరుగుతోందో చెప్పేవాళ్ళుండరు. పైగా ఇంకో అడ్డంకి ఉంది. 2023 ఆగస్టు నుంచి కెనడాలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో వార్తా సంస్థల పోస్టులు కనపడవు. వార్తల లింకులకి డబ్బు కట్టాలని ఆన్‌లైన్ న్యూస్ యాక్ట్ రావడంతో మెటా వాటిని మొత్తానికే ఆపేసింది. ఆ ఖాళీలో మిగిలినవి స్క్రీన్‌షాట్లు, ఫార్వర్డ్‌లు, ఎవరో తీసిన రీల్స్. ఫీడ్‌లో ఏమీ రాలేదంటే ఏమీ జరగలేదని కాదు. కాబట్టి వార్త ఉన్న చోటికి మనమే వెళ్ళాలి.

మొదట వెదర్‌క్యాన్. కెనడా పర్యావరణ శాఖవాళ్ళ యాప్, పూర్తిగా ఉచితం, ప్రకటనల గోల లేదు. ఫోన్‌తో వచ్చే వెదర్ యాప్ ఉంది కదా అని దీన్ని వదిలేయకండి. అధికారిక హెచ్చరిక పుట్టేది ఈ శాఖలోనే, మిగతావాళ్ళంతా దాన్ని తీసుకుని చూపించేవాళ్ళే. వేసుకోగానే మూడు పనులు చేయండి. విన్నిపెగ్‌ని సేవ్ చేసి దానికి నోటిఫికేషన్లు ఆన్ చేయండి. లొకేషన్ పర్మిషన్ ఇవ్వండి. ఆండ్రాయిడ్ అయితే బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఈ యాప్‌కి బ్యాటరీ సేవర్ తీసేయండి. ఈ మూడోది చాలామంది చేయరు. వెనకాల నడవకుండా ఫోనే దాన్ని నిద్రపుచ్చుతుంది. తెల్లారి యాప్ తెరిస్తే అప్పుడు వస్తుంది రాత్రి హెచ్చరిక.

ఇక ఒక చలి హెచ్చరికని దగ్గరగా చూద్దాం. ఉష్ణోగ్రత మైనస్ 30 అని ఉంటుంది, పక్కన విండ్ చిల్ మైనస్ 43 అని. గాలి గంటకి 20 కిలోమీటర్లు వీస్తే లెక్క సరిగ్గా అంతే వస్తుంది. విండ్ చిల్ అంకెకి డిగ్రీ గుర్తు ఉండదు, ఎందుకంటే అది ఉష్ణోగ్రత కాదు. మన చర్మానికి ఎంత చలిగా తగులుతుందో చెప్పే కొలత. మైనస్ 28 నుంచి 39 మధ్య బట్ట కప్పని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టొచ్చు. మైనస్ 40 నుంచి 47 అయితే 5 నుంచి 10 నిమిషాలు చాలు. అంటే బస్ స్టాపులో గ్లౌజు తీసి ఫోన్ చూసుకునేంత సేపు. విన్నిపెగ్‌కి చలి హెచ్చరిక వచ్చేది ఈ మైనస్ 40 దగ్గరే.

కారు విషయంలో మాత్రం అసలు ఉష్ణోగ్రత అంకె చూడాలి, విండ్ చిల్ కాదు. ఎంత గాలి వీచినా ఇంజిన్ గాలి ఉష్ణోగ్రత కంటే కిందికి చల్లబడదు, త్వరగా చల్లబడుతుందంతే. కాబట్టి బ్లాక్ హీటర్, అంటే ఇంజిన్‌ని వెచ్చగా ఉంచే కరెంటు హీటర్, ప్లగ్ పెట్టాలా వద్దా అన్నది అసలు ఉష్ణోగ్రతని బట్టి నిర్ణయించుకోండి. మైనస్ 15 దాటితే పెట్టేయండి. రాత్రంతా అక్కర్లేదు. బయట వాడే టైమర్ ఒకటి కొని, బయలుదేరే ముందు 3, 4 గంటలు ఆన్ అయ్యేలా పెడితే సరిపోతుంది. ఎక్స్‌టెన్షన్ కార్డు బయట వాడకానికి చేసినదే అయి ఉండాలి. ఇంట్లో వాడే సన్న తీగ ఈ చలికి పెళుసెక్కి, వంచగానే పైతొడుగు చిట్లుతుంది.

2025 నవంబర్ చివర నుంచి హెచ్చరికలకి రంగులు వచ్చాయి: పసుపు, ఆరెంజ్, ఎరుపు. పసుపు తరచూ వస్తుంది కదా అని దాన్ని తేలిగ్గా తీసుకోకండి. రంగు చెప్పేది వాతావరణం వల్ల జనానికి ఎంత ఇబ్బంది అవుతుందన్నది. పాత పద్ధతిలో వార్నింగ్ అని వచ్చేవి చాలావరకు ఇప్పుడు పసుపులోనే వస్తాయి.

తర్వాతది నో యువర్ జోన్. ఇది సిటీ ఆఫ్ విన్నిపెగ్ యాప్. దీని చుట్టూ ఉన్నంత గందరగోళం మరి దేని చుట్టూ లేదు, కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను. మంచు తీయడంలో వీధులు మూడు రకాలు. పెద్ద రోడ్లు మొదటి ప్రాధాన్యం, బస్సులు తిరిగే వీధులూ ప్రధాన లోపలి రోడ్లూ రెండోది, ఇళ్ళ మధ్య వీధులు మూడోది. అందుకే పెంబినా హైవే నల్లగా మెరుస్తుంటే మన వీధిలో ఇంకా గాడులు పడిన మంచే ఉంటుంది. సిటీ మర్చిపోయిందని కాదు, వంతు రాలేదంతే.

పార్కింగ్ నిషేధాలు కూడా వేరు వేరు. ఒకటి స్నో రూట్ మీద ఉండేది. అక్కడ బోర్డు పాతి ఉంటుంది, అది పెద్ద రోడ్ల సంగతి. ఇంకొకటి ఇళ్ళ వీధుల్లో ప్లౌ, అంటే మంచు తోసే బండి, దిగినప్పుడు పెట్టేది. ఇది జోన్‌ని బట్టి. ఊరంతా ఏ, బీ, సీ అంటూ వీ దాకా అక్షరాలుగా విడగొట్టారు. ప్రతి జోన్‌కీ 12 గంటల షిఫ్టు ఇస్తారు, ఉదయం 7 నుంచి సాయంత్రం 7 లేదా సాయంత్రం 7 నుంచి ఉదయం 7. ఆ షిఫ్టులో ఆ వీధిలో కారు ఉండకూడదు. ఉంటే టికెట్, కారు టో.

ఇక్కడ జనం చేసే పొరపాట్లు మూడు. మొదటిది, తమ ఇంటి జోన్ చూసుకుని ఊరుకోవడం. చూడాల్సింది కారు ఉన్న వీధి జోన్. శనివారం రాత్రి ఫ్రెండ్ ఇంటికి భోజనానికి వెళ్ళి అక్కడ పెడితే ఆ వీధి అడ్రస్ యాప్‌లో కొట్టి చూడాలి. రెండోది, తెల్లవారుజామున 3కి ప్లౌ వెళ్ళిపోయిందని కిందికి దిగి కారు మళ్ళీ అక్కడే పెట్టేయడం. షిఫ్టు పూర్తయ్యేదాకా నిషేధం నిషేధమే. యంత్రాలు ఒక్కసారి రావు, అంచున మిగిలిన గట్టు తీయడానికి మళ్ళీ వస్తాయి. మూడోది, షెడ్యూల్ ఒకసారి చూసి మర్చిపోవడం. మధ్యలో మళ్ళీ మంచు పడితే షిఫ్టులు జరుగుతాయి. సాయంత్రం 6 గంటలకి ఇంకోసారి చూడండి.

పొద్దున కారు కనపడకపోతే గాభరాపడి ముందు పోలీసులకి ఫోన్ చేయకండి. చాలాసార్లు దాన్ని దగ్గర్లోని ప్లౌ అయిన వీధిలోకి జరిపి ఉంటారు. సిటీ హెల్ప్‌లైన్ 311కి ఫోన్ చేసి లైసెన్స్ ప్లేట్ నంబర్ చెప్పండి. యాప్‌కి నా మార్కు బాగానే ఉంది, కానీ నోటిఫికేషన్ల మీదే ఆధారపడకండి. పెద్ద మంచు పడ్డాక తెరిచి చూడటం మన పని.

స్కూళ్ళ సంగతి వేరు. ఈ ఊళ్ళో స్కూల్ డివిజన్లు చాలా ఉన్నాయి, ఒక్కోటి విడిగా నిర్ణయం తీసుకుంటుంది. చలికి ఎక్కువసార్లు ఆగేది స్కూల్ బస్సు, బడి తెరిచే ఉంటుంది. "స్కూల్ లేదట" అన్న ఫార్వర్డ్ సాధారణంగా ఇక్కడే పుడుతుంది. మీ డివిజన్ వెబ్‌సైట్ తెల్లారుతూనే చూడండి, లేదా రేడియో పెట్టండి.

రేడియో అంటే నవ్వకండి. కెనడా జాతీయ ప్రసార సంస్థ సీబీసీ వాళ్ళ రేడియో వన్ 89.3 ఎఫ్‌ఎంలోనూ 990 ఏఎంలోనూ వస్తుంది. సీజేఓబీ అనే స్థానిక స్టేషన్ 680 ఏఎంలో వస్తుంది. ఈ ప్రెయిరీ మైదానం నేల చదును, ఏఎం తరంగాలు ఇక్కడ చాలా దూరం పోతాయి. అమెరికా సరిహద్దు వైపు 75 హైవే మీద మంచు తుఫానులో ఇరుక్కుంటే, ఫోన్ సిగ్నల్ ఊగిసలాడుతున్నా రేడియో పలుకుతుంది. ఒక్క సంగతి: కొన్ని ఎలక్ట్రిక్ కార్లలో ఏఎం ఉండదు, కొనేముందు చూసుకోండి. సరిహద్దు అవతలి గ్రాండ్ ఫోర్క్స్‌కో ఫార్గోకో బయలుదేరే ముందు మన రాష్ట్రం మానిటోబా రోడ్ల సమాచార సేవ 511లో హైవే తెరిచి ఉందో లేదో చూడాల్సిందే. సిటీ లోపల ఎండ కాస్తూ ఉండొచ్చు, 40 కిలోమీటర్ల అవతల గాలికి ఎగిరే మంచుతో ఎదుటి బండి కనపడకపోవచ్చు.

అలర్ట్ రెడీ గురించి త్వరగా. ఇది యాప్ కాదు, దేశమంతటా ఫోన్‌కి నేరుగా వచ్చే అత్యవసర సందేశం. 2018 నుంచి ఫోన్లకి వస్తోంది, ఆపుకునే వీలు లేదు. మామూలుగా మే నెలలోనూ నవంబర్‌లోనూ పరీక్ష సందేశం పంపుతారు. ఇండియా నుంచి తెచ్చుకున్న ఫోన్ వాడుతుంటే ఆ రోజు గమనించండి. పక్కవాళ్ళ ఫోన్లు మోగి మీది మోగకపోతే అది సరిచూసుకోవాల్సిన విషయం.

ఇప్పుడు పేపర్లు. విన్నిపెగ్ ఫ్రీ ప్రెస్ 1872లో మొదలైంది. పేరులో ఫ్రీ ఉన్నా చదవడానికి చందా కట్టాలి. 2015లో ఒక్కో ఆర్టికల్‌కి 27 సెంట్లు తీసుకునే పద్ధతి కూడా తెచ్చారు. చందాకి విలువ ఉందా? సిటీ హాల్, ఆస్పత్రులు, స్కూల్ బోర్డుల గురించి లోతుగా కావాలంటే ఉంది. 2024 ఫిబ్రవరిలో ఫోర్ట్ గ్యారీ బ్రిడ్జి దగ్గర పైపు దెబ్బతిని 20 కోట్ల లీటర్లకి పైగా మురుగునీరు రెడ్ రివర్‌లో కలిసింది. అలాంటి విషయంలో ఆ పైపు సంగతి ఎవరికి ఎప్పుడు తెలుసు అని నెలల తరబడి వెంటపడి రాసేది స్థానిక విలేఖరులే. రోజువారీ అవసరాలకైతే సీబీసీ మానిటోబా వెబ్‌సైట్ ఉచితం, అది చాలు. ఆదివాసీల వార్తలకి ఏపీటీఎన్ చూడండి. 1999లో మొదలైన ఈ జాతీయ చానెల్ ప్రధాన కార్యాలయం విన్నిపెగ్‌లోనే ఉంది. ఆదివాసీ జనాభా ఇంతగా ఉన్న ఊళ్ళో బతుకుతూ ఆ గొంతు వినకపోతే సగం ఊరు తెలియనట్టే.

ఏ వార్త ఏ ప్రభుత్వానిదో తెలిస్తే సగం పుకార్లు అక్కడే రాలిపోతాయి. పెట్రోలే చూడండి. ఇక్కడ గ్యాస్ అంటారు. 2024 జనవరి 1న మానిటోబా ప్రభుత్వం లీటరుకి 14 సెంట్ల పన్ను ఎత్తేసింది. 2025 జనవరి 1న 12.5 సెంట్లుగా తిరిగి పెట్టింది. 50 లీటర్ల ట్యాంకుకి 6 డాలర్ల పావు పెరిగింది. ఆ ఏప్రిల్ 1న ఒట్టావా, అంటే కేంద్ర ప్రభుత్వం, కార్బన్ చార్జీ 17.6 సెంట్లు తీసేసింది, అదే ట్యాంకుకి దాదాపు 9 డాలర్లు తగ్గింది. కానీ దాంతోపాటే మూడు నెలలకోసారి ఖాతాలో పడే కార్బన్ రిబేటు కూడా ఆగింది. తగ్గిందని ఒక రీల్, పోయిందని ఇంకో రీల్. రెండూ నిజమే, రెండూ సగమే.

మన విద్యార్థులకి అన్నిటికంటే ముఖ్యమైనది ఇమిగ్రేషన్. ఎంత మందిని తీసుకోవాలో ఒట్టావా చెప్తుంది, ఎవరిని నామినేట్ చేయాలో, అంటే శాశ్వత నివాసానికి ఎవరి పేరు సిఫార్సు చేయాలో, మానిటోబా చూస్తుంది. 2024లో మానిటోబాకి 9,500 నామినేషన్లు ఉంటే 2025కి మొదట ఇచ్చినవి 4,750. చదువుకునేవాళ్ళకి క్యాంపస్ బయట పని వారానికి 24 గంటల దాకా, 2024 నవంబర్ 8 నుంచి. ఇలాంటి అంకె వినగానే ఎవరు ప్రకటించారు, ఏ తేదీ నుంచి అమలు, అని రెండు ప్రశ్నలు వేయండి. డ్రా, అంటే అభ్యర్థులని ఎంపిక చేసే విడత, దాని ఫలితం ప్రభుత్వ వెబ్‌సైట్లో లేకపోతే, ఎంత పెద్ద చానెల్ చెప్పినా అప్పటికి దాన్ని నమ్మకండి. ఆ మాట పట్టుకుని ఉద్యోగం మానేసినవాళ్ళకి, కన్సల్టెంట్‌కి డబ్బు కట్టినవాళ్ళకి నష్టం తిరిగి రాదు.

బస్సులకీ ఇదే జాగ్రత్త. 2025 జూన్ 29న విన్నిపెగ్ ట్రాన్సిట్ నెట్‌వర్క్ మొత్తం మార్చేసింది. పాత 11, 18 లాంటి నంబర్లతో దారి చెప్పే వీడియోలు ఇప్పుడు పనికిరావు. కొత్త ప్రధాన రూట్లకి ఎఫ్‌ఎక్స్, ఎఫ్, డీ అనే అక్షరాలు ఉంటాయి. రాత్రి షిఫ్టు చేసేవాళ్ళు చివరి బస్సు ఎప్పుడో ట్రాన్సిట్ వాళ్ళ ట్రిప్ ప్లానర్ నావిగోలో ఆ తేదీ, ఆ సమయం పెట్టి చూసుకోండి. పగటి టైమింగ్ చూసి లెక్కేసుకుంటే చలిలో నిలబడిపోతారు.

వేసవి వార్త అంటే పొగ. 2025 మే 28న కార్చిచ్చుల వల్ల మానిటోబా అంతటా అత్యవసర పరిస్థితి ప్రకటించారు, ఉత్తరాన ఫ్లిన్ ఫ్లాన్ లాంటి ఊళ్ళు ఖాళీ చేయించారు. మంటలు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నా పొగ ఇక్కడికి వస్తుంది. వెదర్‌క్యాన్‌లో గాలి నాణ్యత సూచీ ఉంటుంది: 1 నుంచి 3 తక్కువ ముప్పు, 7 నుంచి 10 ఎక్కువ, 10 ప్లస్ అంటే చాలా ఎక్కువ. ఇండియాలో 150, 300 అని చూసిన కళ్ళకి 8 చిన్న అంకెలా కనపడుతుంది. అది వేరే కొలత. 8 అంటే పిల్లల్ని పార్కుకి పంపకూడని రోజు. కిటికీలు మూసి, ఇంటిని వేడిచేసే ఫర్నేస్ ఫ్యాన్‌ని ఆటో నుంచి ఆన్‌కి మార్చండి. ఫర్నేస్ ఒప్పుకుంటే సన్నటి పొగ రేణువుల్ని పట్టే మెర్వ్ 13 ఫిల్టర్ వేయండి. సైజు పాత ఫిల్టర్ అట్ట మీదే రాసి ఉంటుంది. బాణం గుర్తు ఫర్నేస్ వైపు ఉండాలి.

వసంతంలో "జేమ్స్ అవెన్యూ దగ్గర ఇన్ని అడుగులు" అని వింటారు. అది నది లోతు కాదు. చలికాలంలో మామూలుగా ఉండే మంచు మట్టాన్ని సున్నా అనుకుని కొలిచేది. 1997 వరదలో అది 24.5 అడుగులు దాటలేదు, ఊరి చుట్టూ తవ్విన ఫ్లడ్‌వే కాలువ నీటిని మళ్ళించబట్టే.

చివరిగా ఒక చిన్న పని. ఒక కాగితం మీద మీ వీధి జోన్ అక్షరం, 311, స్కూల్ డివిజన్ పేరు, మీ బస్ స్టాప్ బోర్డు మీదున్న అయిదంకెల నంబర్, 990 ఏఎం అని రాసి ఫ్రిజ్ మీద అంటించండి. మైనస్ 30లో బయటికి తీసిన మీ ఫోన్ 40 శాతం చార్జి ఉండగానే ఆగిపోవచ్చు. మీకు ఫోన్ కలవకపోతే ఇంట్లో ఉన్న అమ్మానాన్నలకి అప్పుడు ఆ కాగితమే దిక్కు. వాళ్ళ కోసం పెద్ద అక్షరాలతో, తెలుగులో రాయండి.