మొదటి మెట్టు దగ్గర ఆగండి

అందరికీ నమస్కారం. వెనకాల సోఫా మీద పొడవాటి నల్ల సంచి కనిపిస్తోంది కదా, అందులో ఉన్నది జాజ్ వాయించడానికి నేను కొనుక్కున్న బాస్ గిటారు, అంటే మంద్ర స్వరాలు పలికే గిటారు. దాన్ని ఎలా ఎంచుకున్నానన్నదే ఈరోజు కథ. కెమెరా మా ఆవిడ చేతిలో ఉంది. మధ్యలో బొమ్మ ఊగిందంటే తను నవ్వు ఆపుకోలేకపోతోందని అర్థం చేసుకోండి.

దేశం మారి వచ్చిన కొత్తలో మా వారాంతాలు బట్టలు ఉతుక్కోవడానికి, అమ్మానాన్నలకు ఫోను చేయడానికి సరిపోయేవి. ఆఫీసులో పియానో వాయించే ఒకాయన పరిచయమయ్యాక శనివారం సాయంత్రాలు జాజ్ పాలయ్యాయి. పియానో, శాక్సఫోన్, డ్రమ్స్, నేను. నాకు బాస్ గిటారు అప్పగించింది నా ప్రతిభ చూసి కాదు, ఆ స్థానం ఖాళీగా ఉండి. కాలేజీ రోజుల్లో గిటారు పట్టానని నోరు జారడమే నేను చేసిన తప్పు.

అరువు తెచ్చుకున్న బాస్‌తో ఆరు నెలలు నెట్టుకొచ్చాను. ఒకరోజు ఎఫ్ శ్రుతిలో బ్లూస్ మొదలుపెట్టారు. ఎఫ్ అన్నది స్వరం పేరు, పాశ్చాత్య సంగీతంలో స్వరాలకు ఇంగ్లీషు అక్షరాలే పేర్లు. బ్లూస్ అంటే ఒకే వరసను చుట్టు తరువాత చుట్టుగా తిప్పి వాయించే పాట. చుట్టుకు 12 ఆవర్తాలు, ఆవర్తానికి నాలుగు దెబ్బలు, దెబ్బకొక స్వరం. అంటే చుట్టుకు 48 స్వరాలు, ఊపిరి తీసుకునే సందు లేకుండా. దీన్ని వాకింగ్ బాస్ అంటారు. పేరుకు నడకే గానీ శాక్సఫోన్ ఆయనకు ఊపు వస్తే అది పరుగే. ఏడో చుట్టుకు నా ఎడమ బొటనవేలి మొదలు పట్టేసింది. సొంతది కొనాలని ఆ రాత్రే తీర్మానించుకున్నాను.

దుకాణంలో గోడ నిండా బాస్‌లే. పక్కన ఒక కుర్రవాడు పన్నెండో ఫ్రెట్ దగ్గర వేళ్ళు టపటపలాడిస్తూ ఏదో వాయిస్తున్నాడు, చూడముచ్చటగా ఉంది. ఫ్రెట్ అంటే వీణకు మెట్టు లాంటిదే. ఇక నుంచి మెట్టు అనే అంటాను, కెమెరా వెనకున్న మనిషి అర్థం కాలేదని మొహం పెడుతోంది. నేనూ మొదట ఆ కుర్రవాడిలాగే మెడ మధ్యలో వాయించి చూశాను. అక్కడ ఏ బాస్ అయినా వెన్నలా ఉంటుంది. అప్పుడు నా బొటనవేలు గుర్తొచ్చింది. నాకు నొప్పి పుట్టింది ఇక్కడ కాదు కదా!

జాజ్‌లో ఊదే వాద్యాల రాజ్యం ఎక్కువ. శాక్సఫోన్, ట్రంపెట్ వాళ్ళకు ఎఫ్, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్, ఎ ఫ్లాట్ శ్రుతులు చేతికి అనువుగా ఉంటాయి కాబట్టి పాటలు చాలావరకు అక్కడే తిరుగుతాయి. బాస్ తీగలేమో ఇ, ఎ, డి, జి. ఒక్కో తీగ మీద మొదటి మెట్టు నొక్కండి, ఏమొస్తాయో చూడండి: సరిగ్గా ఎఫ్, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్, ఎ ఫ్లాట్! అంటే జాజ్ వాయించేవాడు ఇంటికి చేరే చోటు మొదటి మెట్టే. తీగ చాలా గట్టిగా తగిలే చోటూ అదే.

దగ్గరగా చూపించు. ఇదిగో, మెడ చివర తీగలు ఆనుకునే ఈ చిన్న పట్టీని నట్ అంటారు. దీనిలో గాళ్ళు తగినంత లోతుగా లేకపోతే తీగ ఎత్తులో ఉండిపోతుంది. మొదటి మెట్టు నొక్కడానికి బలమంతా పెట్టాలి, పెట్టినా తీగ సాగి స్వరం కాస్త పైకి పోతుంది. నా అరువు బాస్ జబ్బు అదే. ఆరు నెలలు నా చేతిని తిట్టుకున్నాను, పాపం. నట్ గాళ్ళు ఆకురాయితో సరిచేయడం చేయి తిరిగిన పనివాడికి చిన్న పని. అందుకే దాని కోసం మంచి బాస్‌ను వదులుకోవద్దు, కానీ కొనేముందే చూసుకోండి.

ఇక కొలతలు. మామూలు బాస్‌లో తీగ పొడవు 34 అంగుళాలు. మొదటి మెట్టు నట్ నుంచి దాదాపు 48 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. 30 అంగుళాల పొట్టి రకంలో అదే 43. ఐదు మిల్లీమీటర్లే కదా అనుకుంటాం, ఏడో చుట్టులో దాని విలువ తెలుస్తుంది. పొట్టిది నా చేతికి హాయిగా ఉంది, కానీ లావు తీగ స్వరం నాకు కాస్త వదులుగా వినిపించింది. కొందరికి అదే నచ్చుతుంది. నాకు నచ్చలేదు, పెట్టేశాను.

పేరు సంగతి చెప్పాలి. జాజ్ వాయించాలంటే ఫెండర్ కంపెనీ ‘జాజ్ బాస్’ అనే రకమే కొనాలని నేనూ అమాయకంగా వెళ్ళాను. అది 1960లో వచ్చింది. అంతకుముందే 1951లో అదే కంపెనీ ప్రిసిషన్ బాస్ తెచ్చింది. మెట్లు ఉండటం వల్ల స్వరం కచ్చితంగా పలుకుతుందని ఆ పేరు. గిటారిస్టు వెస్ మాంట్‌గొమరీ అన్నగారు మంక్ మాంట్‌గొమరీ 1950ల మొదట్లోనే లయొనెల్ హాంప్టన్ జాజ్ బృందంలో ఎలక్ట్రిక్ బాస్ వాయించారు, అప్పటికి జాజ్ బాస్ పుట్టనే లేదు. కాబట్టి పేరు చూసి మోసపోకండి. నన్నడిగితే వాకింగ్‌కు ప్రిసిషన్ గుండ్రటి గొంతు ఒక పిసరు మెరుగే.

మెట్లు లేని బాస్ కూడా పట్టాను. బాస్ విద్వాంసుడు జాకో పాస్టోరియస్ మెట్లు తీసేసిన 1962 నాటి జాజ్ బాస్‌తో చేసినవి విన్న ఎవరికైనా ఆ ఆశ ఉంటుంది. స్వరం నుంచి స్వరానికి జారుతుంటే గమకంలా పలుకుతుంది, ఒళ్ళు పులకరిస్తుంది. రెండు నిమిషాల తరువాత అపస్వరాలు కూడా అంతే ధారాళంగా వచ్చాయి. దుకాణంలో అమ్మాయి మర్యాదస్తురాలు, ఏమీ అనలేదు. మా ఆవిడ మాత్రం, “ఏమండీ, దీనికి శ్రుతి చేయరా?” అంది. సంచిలోకి పోయింది ఆ ఆశ.

చివరికి రెండు మిగిలాయి, ఒక ప్రిసిషన్, ఒక పాత జాజ్ బాస్. మా ఆవిడను అటు తిరిగి కూర్చోమన్నాను. మొదటిది వాయించాను, రెండోది వాయించాను, మూడోసారి రెండోదాన్నే, స్వరం పదును తగ్గించే టోన్ నాబ్ పూర్తిగా తగ్గించి, తీగను మెడ అంచు దగ్గర మీటాను. “మొదటిదీ మూడోదీ అన్నదమ్ములు. రెండోది ముక్కుతో మాట్లాడుతోంది” అంది. అంతా కలిపి రెండే బాస్‌లని చెబితే నమ్మలేదు. చేయి ఎక్కడ మీటుతుంది, నాబ్ ఎక్కడుంది అన్నది ఇంత పని చేస్తుంది.

అప్పుడిక గొంతు కోసం కాక చేతి కోసం ఎంచుకున్నాను. జాజ్ బాస్ మెడ నట్ దగ్గర 38 మిల్లీమీటర్లే, ప్రిసిషన్‌ది దానికంటే వెడల్పు. నా చిటికెన వేలు పొట్టిది. తీర్పు అదే ఇచ్చింది, జాజ్ బాస్ కొన్నాను.

దానికొక లోపం ఉంది, దాచను. తీగల కదలికను పట్టి యాంప్లిఫయర్‌కు పంపే పికప్‌లు దీనికి రెండు. రెండూ సమానంగా తెరిచి ఉంచితే నిశ్శబ్దం. ఒకటి తగ్గించారా, తుమ్మెద రొద మొదలవుతుంది. మా అపార్ట్‌మెంట్‌లో కంప్యూటర్ పక్కన కూర్చుంటే ఆ తుమ్మెదకు కుటుంబం కూడా వస్తుంది. నేను రెండూ పూర్తిగా తెరిచి, టోన్ తగ్గించి వాయిస్తున్నాను, ఇబ్బంది లేదు.

అసలు మార్పు తెచ్చింది మాత్రం తీగలు. కొన్నప్పుడు రౌండ్‌వౌండ్ తీగలున్నాయి, అంటే పైన గుండ్రటి తీగ చుట్టినవి, వేలు జరిపినప్పుడల్లా కీచుమనేవి. తీసేసి ఫ్లాట్‌వౌండ్ వేశాను. వీటికి చుట్టిన లోహం బద్దలా చదునుగా ఉంటుంది. వేలితో రాసి చూపిస్తాను, వినండి... ఏమీ వినిపించలేదు కదా? అదే కావాలి. స్వరం ‘దుమ్’ అని పుట్టి, పక్క స్వరానికి దారి ఇచ్చి తప్పుకుంటుంది, నిలబెట్టి వాయించే పెద్ద చెక్క బాస్‌లో చేత్తో మీటినట్టు. ఏళ్ళ తరబడి మార్చనక్కర్లేదు కూడా. కొత్త బాస్ కొనాలని ఉవ్విళ్ళూరేవాళ్ళు ముందు ఉన్నదానికి ఇవి వేసి చూడండి, సగంమంది దుకాణానికే వెళ్ళరు.

బ్యాటరీతో పనిచేసే యాక్టివ్ రకం చూడలేదా అని అడుగుతారు. చూశాను. చార్జరు మరచిపోయే మనిషిని నేను, పాట మధ్యలో బాస్ మూగబోతే ఎవరికి చెప్పుకోవాలి?

నిన్న అమ్మకు వీడియో కాల్‌లో చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని దగ్గరికి వచ్చి లెక్కపెట్టింది. “గిటారుకు ఆరు తీగలుంటాయి కదరా, నీకు నాలుగే ఇచ్చారేమిటి? అడగలేదా?” అంది. ఐదు తీగలది కూడా ఉందమ్మా, బరువని వదిలేశాను అన్నాను. “బరువు మోయలేనివాడివి రెండు తీగలది చూసుకోవలసింది” అంది. ఇదిగో, కెమెరా మళ్ళీ ఊగుతోంది.

సరే, కాస్త కిందికి దించు, ఎడమ చేయి కనిపించాలి. ఎఫ్‌లో బ్లూస్, మొదటి మెట్టు నుంచి. ఒకటి... రెండు... ఒకటి, రెండు, మూడు, నాలుగు.