నరం పట్టేసిందంటున్నారా? టెండన్ నొప్పులపై ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. ఇవాళ మనతో ఎముకలు, కీళ్ళ డాక్టరు గారు ఉన్నారు. మోచేయి, మణికట్టు, మడమ దగ్గర వచ్చే టెండన్ నొప్పుల గురించి అడగొచ్చు. డాక్టర్ గారూ, టెండన్ అంటే ఏమిటో చెప్పండి, ఫోన్లు తీసుకుందాం.

డాక్టర్: కండను ఎముకకు కట్టి ఉంచే తాడండీ. మడమ వెనక చేత్తో పట్టుకుంటే గట్టిగా తగులుతుందే, అది. మన ఇళ్ళలో దాన్ని నరం అంటాం. ఆ మాట వల్ల నష్టం జరుగుతోంది. నరం అనుకుని నరాల బలానికి సూదులు పొడిపించుకుంటారు, నెలల తరబడి బిళ్ళలు మింగుతారు. వాటితో ఈ తాడు బాగుపడదు.

వ్యాఖ్యాత: మొదటి ఫోన్ నల్గొండ నుంచి. చెప్పండి.

కాలర్: నమస్తే మేడం. నేను తాపీ మేస్త్రీని. కుడి మోచేయి బయటివైపు ఏడు నెలల సంది నొప్పి. చాయ్ గ్లాసు పట్టుకోవాలన్నా కష్టమే. ఎక్స్‌రే తీసి ఏం లేదన్నరు.

డాక్టర్: ఎక్స్‌రేలో ఎముక కనపడుతుందన్నా, టెండన్ కనపడదు. ఆ చెయ్యి ముందుకు చాచండి, అరచెయ్యి నేల వైపు. పిడికిలి బిగించి పైకి లేపండి, రెండో చేత్తో దాన్ని కిందికి నొక్కండి. నొప్పి ఎక్కడ?

కాలర్: మోచేతి బొడిపె మీదనే మేడం.

డాక్టర్: టెన్నిస్ ఎల్బో అంటారు దీన్ని. మణికట్టును పైకి లేపే కండల తాడు ఆ బొడిపెకు అతుక్కుని ఉంటుంది. రోజంతా తాపీ తిప్పితే దాని మీదే భారం. ఇప్పటిదాకా ఏం చేయించారు?

కాలర్: మోచేతిలో సూది వేయించుకున్న. నెల రోజులు మంచిగ అనిపించింది, మళ్ళీ మొదలైంది. రెండోది కూడా అట్లనే. ఇప్పుడు మూడోది వేస్తమంటున్నరు.

డాక్టర్: మూడోది వద్దన్నా. అది స్టెరాయిడ్ అయి ఉంటుంది. మొదట హాయిగా ఉంటుంది, అందుకే మోసపోతాం. ఆస్ట్రేలియాలో 165 మంది మీద చేసి 2013లో ప్రచురించిన పరీక్షలో, ఈ సూది వేయించుకున్నవాళ్ళలో సగానికి పైగా మందికి ఏడాదిలోపు నొప్పి తిరగబెట్టింది. ఉత్త నీళ్ళలాంటి సూది వేసినవాళ్ళలో తిరగబెట్టింది పన్నెండు శాతం మందికే. పాత టెండన్ నొప్పిలో వాపు కన్నా అరుగుదలే ఎక్కువ, లోపలి పోగులు చెదిరిపోయి ఉంటాయి. వాపు తగ్గించే మందు ఆ పోగుల్ని తిరిగి పేనలేదు.

కాలర్: మరి పని ఆపాల్నా? ఆపితే ఇల్లు నడవదు మేడం.

డాక్టర్: తెలుసన్నా, అందుకే ఆపమనడం లేదు. పూర్తిగా ఆపేస్తే టెండన్ ఇంకా బలహీనపడుతుంది కూడా. ఇటుకను పైనుంచి పట్టి లేపకండి. అరచెయ్యి కింద పెట్టి, ఒంటికి దగ్గరగా ఎత్తండి. తాపీ పిడికి గుడ్డ చుట్టి లావు చేయండి. మోచేతికి కాస్త కింద కట్టుకునే పట్టీ మందుల షాపులో దొరుకుతుంది, పనిలో ఉన్నంతసేపు కట్టుకోండి. సాయంత్రం చెయ్యి బల్ల మీద పెట్టి, అర లీటరు నీళ్ళ సీసా పట్టుకుని, మణికట్టును రెండో చేత్తో పైకి లేపి, మెల్లగా కిందికి దించండి. పదిహేను సార్లు, మూడు విడతలు. రెండు మూడు వారాలకు సీసా బరువు పెంచండి. నెలలు పడుతుంది. ఎక్కువమందికి ఏడాది, ఏడాదిన్నరలోపు ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది.

వ్యాఖ్యాత: తెనాలి నుంచి ఒక అమ్మ లైన్లో ఉన్నారు.

కాలర్: డాక్టరమ్మా, మా అమ్మాయి పురిటికి వచ్చింది. బిడ్డకు మూడో నెల. బొటనవేలి మొదట్లో నొప్పి, బిడ్డను ఎత్తలేక ఏడుస్తోంది. పచ్చి బాలింత చన్నీళ్ళు ముట్టుకుంది, అందుకే వాతం చేసిందంటున్నాను నేను.

డాక్టర్: పాపం, ఆ పిల్లను తిట్టకండమ్మా, నీళ్ళ తప్పు కాదు. బొటనవేలు లోపల పెట్టి గుప్పిట మూసి, మణికట్టును చిటికెనవేలి వైపు వంచమనండి. ప్రాణం పోయినట్టు ఉంటే ఇది డి క్వెర్వేన్ జబ్బు. స్విట్జర్లాండ్ సర్జన్ ఒకాయన 1895లో చెప్పాడు, ఆయన పేరే పెట్టారు. బొటనవేలిని కదిలించే రెండు తాడులు మణికట్టు దగ్గర ఒక సన్నని గొట్టంలోంచి వెళ్తాయి. అక్కడ మందమై ఒరుసుకుంటాయి. చంటిపిల్లల తల్లులకు చాలా ఎక్కువ.

కాలర్: ఏం చెయ్యమంటారు?

డాక్టర్: చంకల కింద బొటనవేళ్ళు చాచి బిడ్డను లేపుతోంది కదా, అది మానిపించండి. ఒక చెయ్యి పిరుదుల కింద, ఒక చెయ్యి మెడ కింద పెట్టి గరిటెతో తీసినట్టు ఎత్తాలి. పొత్తిగుడ్డలు పిండటం మీరు చూసుకోండి. బొటనవేలిని కూడా పట్టి ఉంచే స్ప్లింట్ నాలుగైదు వారాలు పెట్టుకోవాలి. తగ్గకపోతే సూది ఉంది. ఇందాక మోచేతికి వద్దన్నాను, ఇక్కడ మాత్రం బాగా పనిచేస్తుంది. పాలిస్తున్నానని డాక్టరుకు ముందే చెప్పాలి.

కాలర్: నాదీ ఒక మాటమ్మా. ఉంగరపు వేలు మడిస్తే టక్కున పట్టేస్తోంది, రెండో చేత్తో లాగితే గానీ రాదు.

డాక్టర్: షుగర్ ఉందా అమ్మా?

కాలర్: పన్నెండేళ్ళ నుంచి.

డాక్టర్: అనుకున్నాను. అది ట్రిగ్గర్ ఫింగర్, షుగర్ ఉన్నవాళ్ళకు ఎక్కువ. సూదితో చాలామందికి తగ్గుతుంది, కానీ వేసిన కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, రోజూ చూసుకోవాలి. తగ్గకపోతే చిన్న ఆపరేషన్, అదే రోజు ఇంటికి రావచ్చు.

వ్యాఖ్యాత: తర్వాత ఒంగోలు నుంచి.

కాలర్: డాక్టర్ గారూ, నాకు యాభై నాలుగు. పొద్దున మంచం దిగి నాలుగడుగులు వేసేదాకా మడమ వెనక పట్టేసినట్టు ఉంటుంది, నడవగా నడవగా సర్దుకుంటుంది. మా అబ్బాయికి ఉద్యోగం వస్తే అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నాను. వచ్చింది. వచ్చే నెల వెళ్ళాలి.

డాక్టర్: శుభం. చేత్తో నొక్కి చూడండి, నొప్పి తాడు మధ్యలోనా, ఎముకకు అతుక్కునే చోటా?

కాలర్: మడమకు రెండు మూడు వేళ్ళ పైన, కొంచెం ఉబ్బుగా తగులుతోంది.

డాక్టర్: అయితే మధ్యలోనే, అదీ మంచిదే. మెట్టు అంచు మీద మునివేళ్ళతో నిలబడండి, గోడ పట్టుకోండి. రెండు కాళ్ళతో లేచి, నొప్పి ఉన్న కాలి మీద బరువు వేసి మడమను మెల్లగా మెట్టు కిందికి దించండి. మోకాలు నిటారుగా పదిహేను, మూడు విడతలు. మోకాలు కాస్త వంచి మళ్ళీ అంతే. పొద్దున, సాయంత్రం, పన్నెండు వారాలు. స్వీడన్‌లో హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ అనే డాక్టరు బృందం 1998లో ఈ పద్ధతి చెప్పింది. అతుక్కునే చోట నొప్పి ఉంటే మాత్రం మడమ నేలకన్నా కిందికి పోకూడదు.

కాలర్: చేస్తుంటే నొప్పి వస్తే?

డాక్టర్: కొంచెం రావచ్చు, భయపడకండి. మర్నాడు పొద్దున పట్టేయడం ఎక్కువైతే తగ్గించి చేయండి. ఈ మధ్య యాంటీబయాటిక్స్ ఏమైనా వాడారా?

కాలర్: మూత్రం ఇన్ఫెక్షన్‌కి లీవోఫ్లాక్సాసిన్ రాశారు. పోయిన నెల వాడాను.

డాక్టర్: అది చెప్పడం మంచిదైంది. ఆ మందు, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి కొద్దిమందిలో ఈ తాడును బలహీనపరుస్తాయి, ఒక్కోసారి తెగుతుంది. 2008లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ వీటికి పెద్ద హెచ్చరిక పెట్టించింది. అరవై దాటినవాళ్ళు, స్టెరాయిడ్లు వాడేవాళ్ళు ఇంకా జాగ్రత్త. మళ్ళీ ఇన్ఫెక్షన్ వస్తే మందు రాసే డాక్టరుకు మీ మడమ నొప్పి సంగతి చెప్పండి. వ్యాయామం మొదలుపెట్టే ముందు ఒకసారి ఎవరికైనా చూపించండి, అల్ట్రాసౌండ్ చేయిస్తే తెలుస్తుంది.

కాలర్: మొక్కు సంగతి?

డాక్టర్: 3,550 మెట్లండీ. వచ్చే నెల వద్దు. ఇప్పుడు బస్సులో వెళ్ళి దర్శనం చేసుకోండి, మూడు నాలుగు నెలలు కాలిని సిద్ధం చేసుకుని మెట్లు ఎక్కండి. మొక్కు ఎగ్గొట్టడం కాదది, ఆలస్యంగా తీర్చడం. స్వామికి ఆ మాత్రం తెలీదా?

వ్యాఖ్యాత: చివరి ఫోన్, ఖమ్మం నుంచి.

కాలర్: మేడం, నిన్న సాయంత్రం షటిల్ ఆడుతుంటే వెనక నుంచి ఎవరో తన్నినట్టు అయింది, తిరిగి చూస్తే ఎవరూ లేరు. టప్ మని శబ్దం కూడా వచ్చింది. ఇప్పుడు నొప్పి తగ్గింది, బెణికిందనుకుంటున్నాం.

డాక్టర్: పక్కన ఎవరున్నారు?

కాలర్: మా ఆవిడ.

డాక్టర్: ఫోన్ స్పీకర్‌లో పెట్టి మంచం మీద బోర్లా పడుకోండి. పాదాలు మంచం అంచు దాటి వేలాడాలి. అమ్మా, ముందు బాగున్న కాలి పిక్కను గట్టిగా నొక్కు. పాదం కదిలిందా?

భార్య: కదిలిందండి, వేళ్ళు కిందికి వంగాయి.

డాక్టర్: ఇప్పుడు రెండోది.

భార్య: నొక్కాను... కదలట్లేదండి. మళ్ళీ నొక్కుతున్నా. లేదండి.

డాక్టర్: టెండన్ తెగి ఉండొచ్చమ్మా. నొప్పి తగ్గిందని ఊరుకోకండి. ఇవాళే ఎముకల డాక్టరుకు చూపించాలి. కుట్టడమో, పాదం కిందికి వంచి కట్టు కట్టడమో వాళ్ళు చూసి చెప్తారు. రెంటితోనూ బాగవుతుంది, ఆలస్యమైతేనే కష్టం. మసాజ్ చేయించకండి, నాటు కట్టు కట్టించకండి.

భార్య: ఆటో పిలుస్తున్నానండి.

డాక్టర్: కాలు సీటు మీద చాచి కూర్చోబెట్టు తల్లీ, మునివేళ్ళు కిందికే వంచి ఉంచాలి. ఆటో దాకా నీ భుజం పట్టుకుని ఒంటికాలి మీద రానీ, ఆ పాదం నేల మీద మోపనివ్వకు.