కాఫీకి లొంగని ప్లాస్టిక్

సభకు నమస్కారం. ఉబ్బసానికి వాడే థియోఫిలిన్ అనే మందుతో మొదలుపెడతాను. తగ్గితే పనిచేయదు, మించితే గుండె దడ, మూర్ఛలు. రక్తంలో మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాములు ఉండాలన్నది చాలాకాలం పాటించిన లెక్క. కాబట్టి కొలవక తప్పదు. చిక్కల్లా రోగి తాగే కాఫీతోనే. కెఫీన్ ఈ మందుకు తోబుట్టువు. ఏడో స్థానంలోని నైట్రోజన్ మీద థియోఫిలిన్‌కు హైడ్రోజన్ ఉంటే, కెఫీన్‌కు మిథైల్ సమూహం ఉంటుంది. తేడా అంతే.

ఇంత సన్నని తేడాను యాంటీబాడీలు, అంటే ఒంట్లోకి వచ్చిన పరాయి పదార్థాన్ని గుర్తుపట్టి పట్టుకునే ప్రోటీన్లు, పసిగడతాయి. 1993లో స్వీడన్‌లోని లుండ్‌లో క్లౌస్ మోస్‌బాక్ బృందం ఆ పనిని ప్లాస్టిక్ పొడితో చేయించింది. ద్రావణిలో థియోఫిలిన్‌తో పాటు ప్లాస్టిక్‌కు ముడిసరుకైన మెథాక్రిలిక్ ఆమ్లం వేస్తే, ఆమ్లపు అణువులు హైడ్రోజన్ బంధాలతో మందు చుట్టూ చేరతాయి. వాటిని కదలనివ్వకుండా, అణువులను వలలా ముడివేసే క్రాస్‌లింకర్‌ను దండిగా కలిపి గట్టిపరుస్తారు. ఆ ముద్దను నూరి, జల్లించి, లోపలి మందును కడిగేస్తారు. మైనం కరిగిపోయాక విగ్రహం మూసలో మిగిలే ఖాళీ లాంటిదే ఇక్కడా మిగులుతుంది. కాకపోతే ఈ ఖాళీకి ఆకారంతో పాటు పట్టుకునే చేతులు కూడా ఉంటాయి. పరీక్షలో కెఫీన్ ఆ పొడిని మోసగించింది ఒక శాతం లోపే.

ఈ ఆలోచన వెనుక ఒక తప్పు సిద్ధాంతం ఉంది. యాంటిజెన్ (యాంటీబాడీ పట్టుకునే పరాయి పదార్థం) చుట్టూ ముడుచుకోవడం వల్లే యాంటీబాడీకి ఆకారం వస్తుందని రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ 1940లో ప్రతిపాదించారు. శరీరంలో అలా జరగదని తర్వాత తేలింది. కానీ 1949లో ఆయన శిష్యుడు డికీ, రంగు పదార్థాల సమక్షంలో సిలికా జెల్ తయారుచేస్తే అది ఆ రంగులనే ఎక్కువగా పట్టుకుంది. ఒంట్లో ఓడిన సిద్ధాంతం గాజు పాత్రలో గెలిచింది!

ఇలాంటి ప్లాస్టిక్‌కు ఇచ్చే ‘ప్లాస్టిక్ యాంటీబాడీ’ అన్న బిరుదు నాకు కొంచెం ఎక్కువనిపిస్తుంది. 2010లో కెన్నెత్ షియా బృందం నానోకణాలతో, తేనెటీగ విషంలోని మెలిటిన్‌ను ఎలుకల రక్తంలోనే అదుపు చేసిన మాట నిజమే. అయితే మెలిటిన్ 26 అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్. పెద్ద ప్రోటీన్ల సంగతి వేరు: అవి గట్టి వలలోంచి బయటికి రావు, ద్రావణుల్లో ఆకారం కోల్పోతాయి. పైగా నీరు తానే హైడ్రోజన్ బంధాలకు పోటీకి వస్తుంది. రక్తంలో ఉండేది ఎక్కువగా నీరే కదా! అందుకే లుండ్ బృందం కూడా మందును ముందు సీరం (రక్తంలోని ద్రవభాగం) నుంచి సేంద్రియ ద్రావణిలోకి లాగి, ఆ తర్వాతే కొలిచింది.

ఇంకో తలనొప్పి ఉంది. ఎంత కడిగినా లోపల కాస్త మందు ఉండిపోయి, తర్వాత మెల్లగా కారుతుంది. అతి స్వల్ప మోతాదులు వెదికేవారికి ఆ కాస్తే చాలు, ఫలితం తారుమారవుతుంది. దీనికి దొరికిన ఉపాయం నాకు ముచ్చటగా తోస్తుంది. దూడల మూత్రంలో, కండ పెంచడానికి దొంగచాటుగా వాడే మందు క్లెన్‌బ్యూటెరాల్‌ను వెదకడానికి, దాని పోలికే ఉన్న బ్రోంబ్యూటెరాల్‌తో ఖాళీలు చేశారు. ఆ ఖాళీల్లో క్లెన్‌బ్యూటెరాల్ కూడా ఇముడుతుంది. కారినా కారేది బ్రోంబ్యూటెరాలే. పదార్థాలను విడదీసి చూపే క్రొమటోగ్రఫీ పరీక్షలో అది వేరే శిఖరంగా విడిపోతుంది.