ఆగిపోయిన రోబో మీద గెలుపు

(హన్మకొండలో రోబోటిక్స్ పోటీకి ముందురోజు సాయంత్రం విద్యార్థి జట్లతో, వారి టీచర్లతో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కాజీపేటలో రైలు దిగి పెట్టెలు మోసుకొచ్చిన పిల్లలు నీళ్లు తాగి కూర్చోండి, తొందరేం లేదు.

ముందు ఒక లెక్క చేద్దాం. 32 జట్లు నాకౌట్ ఆడుతున్నాయనుకోండి. మొదటి రౌండ్ అయ్యేసరికి 16 జట్లు సామాన్లు సర్దుకుంటాయి. నెలల తరబడి కట్టిన రోబో మూడు నిమిషాలు ఆడి పెట్టెలోకి పోతుంది. ఇప్పుడు వరంగల్ నుంచి ఆదిలాబాద్ దాకా వెతికినా దొరకనంత మంచి రోబో మీదే అనుకుందాం. ఎవరితో ఆడినా పదింట ఎనిమిదిసార్లు గెలుస్తుంది. కప్పు కావాలంటే వరసగా ఐదు మ్యాచులు గెలవాలి. 0.8ని ఐదుసార్లు గుణించండి, 0.33 వస్తుంది. అంటే అందరికన్నా మంచి రోబో కూడా మూడు పోటీలకు వెళ్తే రెండింటి నుంచి ఉత్తచేతులతోనే తిరిగొస్తుంది. లీగ్ పద్ధతిలో కొంత నయం. అక్కడ కూడా 60 శాతం గెలవగల రోబో ఐదు మ్యాచులు ఆడితే, వాటిలో మూడో అంతకన్నా ఎక్కువో ఓడే అవకాశం 32 శాతం. ఈ లెక్క ఇంట్లో వాళ్లకూ చెప్పి పెట్టండి. "ఎన్నో ప్లేసొచ్చింది బిడ్డా?" అన్న ప్రశ్న రేపు రాత్రికి ఎట్లాగూ వస్తుంది.

కాబట్టి మీ పనిని కప్పుతో తూచుకోకండి. తూచుకోవడానికి వేరే పద్ధతి ఉంది. అదే ట్రాక్ మీద, మధ్యలో చెయ్యి పెట్టకుండా, పదిసార్లు నడపండి. ఎన్నిసార్లు చివరిదాకా వెళ్లిందో రాయండి. ఆగిన ప్రతిసారీ ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అన్నది ఒక్క ముక్కలో రాయండి. పోయిన నెల పదికి ఐదు, ఇప్పుడు పదికి తొమ్మిది అయితే మీరు ముందుకొచ్చినట్టే. ఆ మాట చెప్పడానికి ఏ జడ్జీ అక్కర్లేదు.

ఇక నేను చెప్పదలచుకున్న అసలు విషయం. విద్యార్థి పోటీల్లో చాలా మ్యాచులు ఎదుటివాళ్ల రోబో ఆగిపోవడం వల్లే తేలిపోతాయి. వైరు ఊడింది, బ్యాటరీ పడిపోయింది, బ్లూటూత్ తెగింది. స్కోరుబోర్డు మీద మీ పేరు వెలుగుతుంది. కానీ ఆ గెలుపు మీ రోబో గురించి మీకు ఏమీ చెప్పదు. మీ తోపుడు బలం ఎంతో, మీ ప్రోగ్రాం మలుపుల్లో తట్టుకుంటుందో లేదో తెలియాలంటే అవతల నడుస్తున్న రోబో ఉండాలి. అందుకే పక్క టేబుల్ వాళ్ల రోబోను నడిపించడం మీ స్వార్థం కోసమే అయినా చెయ్యాల్సిన పని.

ఆగిపోయే కారణాలు ఏటా అవే. మొదటిది చతురస్రపు 9 వోల్టుల బ్యాటరీ. అది రిమోట్లకూ మల్టీమీటర్లకూ పనికొచ్చే సరుకు. దాని అంతర్నిరోధం ఎక్కువ, మోటర్లు అడిగినంత కరెంటు ఇవ్వలేదు. చేతిలో ఎత్తి పట్టుకుంటే చక్రాలు గిర్రున తిరుగుతాయి, నేల మీద పెట్టగానే మూలుగుతాయి. పక్క జట్టు ఈ మాట అంటే వాళ్ల కోడ్ చూడకండి, బ్యాటరీ చూడండి. రెండు 18650 సెల్స్ (మళ్లీ చార్జి చేసుకునే లిథియం బ్యాటరీలు) సిరీస్‌లో పెడితే 7.4 వోల్టులు వస్తాయి. మోటర్లకు కరెంటు అందించే ఎల్298ఎన్ డ్రైవర్ బోర్డు అందులో సుమారు 2 వోల్టులు తానే మింగుతుంది. మిగిలింది పసుపు బీవో మోటర్లకు, అంటే మీ చక్రాలు తిప్పే చిన్న గేరు మోటర్లకు చాలు.

రెండోది, మోటరు ఒక్కసారిగా వెనక్కి తిరిగినప్పుడు ఆర్డుయినో, అంటే మీ ప్రోగ్రాం నడిపే బోర్డు, రీసెట్ కావడం. బోర్డు మీద 'ఎల్' అని రాసి ఉన్న చిన్న లైటు ఆ క్షణంలో మిణుకుమంటే అనుమానం అక్కర్లేదు, వోల్టేజీ పడిపోయి బోర్డు మళ్లీ మొదలవుతున్నది. మోటర్ సప్లై మీద 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేసినా, బోర్డుకు వేరే బ్యాటరీ ఇచ్చినా తగ్గుతుంది. వేరే బ్యాటరీ ఇస్తే రెండు గ్రౌండ్‌లూ, అంటే మైనస్ వైర్లు, కలపాలి. ఇది మరచిపోయి గంటలు పోగొట్టుకున్న జట్లు ఎన్నో.

మూడోది ఎండ. గీత వెంట నడిచే రోబో సెన్సరుకు ల్యాబులో ట్యూబ్‌లైటు కింద తెల్లకాగితం మీద 150, నల్లగీత మీద 850 రీడింగు వచ్చిందనుకోండి, నడిమధ్య 500ను హద్దుగా పెట్టుకుంటారు. రేపు హాలు కిటికీలోంచి ఎండ పడుతుంది. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కాబట్టి సెన్సరుకు నల్లగీత కూడా తెల్లగా కనిపించడం మొదలవుతుంది. ట్రాక్ మీదే మళ్లీ రీడింగులు తీసి సగటు మార్చుకోండి. సెన్సరు చుట్టూ నల్ల చార్టు ముక్కతో గోడ కట్టండి, నేలకు 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంచండి. ఇది మీకు తెలిసి పక్కవాళ్లకు తెలియకపోతే చెప్పండి, రెండు నిమిషాల పని.

చెప్పడం ఒకటి, వస్తువు ఇవ్వడం ఇంకొకటి. జంపర్ వైర్లు, ఇన్సులేషన్ టేపు, ఒక డ్రైవర్ బోర్డు, రెండు మోటర్లు ఒక డబ్బాలో పెట్టి, డబ్బా మీద మీ జట్టు పేరు రాసి టేబుల్ మీద ఉంచండి. బ్యాటరీ మాత్రం ఆలోచించి ఇవ్వండి. చేత్తో అతికిన కనెక్టర్లు చూడటానికి ఒక్కలాగే ఉంటాయి, లోపల ప్లస్సు మైనస్సు తారుమారై ఉంటాయి. మల్టీమీటరు పెట్టి చూడకుండా తగిలిస్తే సాయం చేయబోయి వాళ్ల బోర్డు కాల్చినవాళ్లవుతారు. ఉబ్బిన లైపోను (లిథియం పాలిమర్ బ్యాటరీని) ఎవరికీ ఇవ్వకండి, మీరూ వాడకండి.

ఇప్పుడు అనుమానాల సంగతి. "సార్, వాళ్లు మా రోబోను హ్యాక్ చేసిండ్రు" అన్న ఫిర్యాదు దాదాపు ప్రతి పోటీలోనూ వినపడుతుంది. నిజంగా జరిగేది ఏమిటంటే, హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూల్ ఎవరు కొన్నా దాని పేరు హెచ్‌సీ-05, పిన్ 1234. ఒకే హాల్లో ఇరవై ఉంటే ఎవరి ఫోను ఎవరి రోబోను పట్టుకుంటుందో దేవుడికే ఎరుక. మాడ్యూల్ సెట్టింగులు మార్చే కమాండ్ మోడ్‌లోకి వెళ్లి, 38400 బాడ్ రేటులో (సమాచారం పంపే వేగం అది) పేరు, పిన్ మార్చుకోవాలి. ఈ రాత్రే మార్చుకోండి. మీ ఫోనుకు పక్కవాళ్ల రోబో దొరికితే తమాషాకైనా తిప్పకండి, వెంటనే వెళ్లి చెప్పండి. అవతలివాళ్లు మోసం చేశారనే ముందు మీ రోబోలో ఏం పాడైందో చూసుకోవడం మంచి అలవాటు. పదిసార్లలో తొమ్మిదిసార్లు దొంగ మన టేబుల్ మీదే దొరుకుతాడు, వదులైన స్క్రూ రూపంలో.

నియమాల అంచు మీద నడవడం గురించి కొంచెం చెప్పాలి. రెండు రోబోలు ఒకదాన్నొకటి బరి బయటికి తోసుకునే మినీ సుమోలో బరువు 500 గ్రాములు దాటకూడదు, పొడవు వెడల్పులు 10 సెంటీమీటర్లు దాటకూడదు. ఎనుమాముల యార్డులో మిర్చి బస్తాలు తూచడం చూసినవాళ్లకు తెలుసు, రెండు కాంటాలు ఒక్క మాట చెప్పవు. ఇంట్లో 499 చూపించిన రోబో ఇక్కడ 503 చూపిస్తే తప్పు కాంటాది కాదు. 480 దగ్గర ఆగండి. బటన్ నొక్కాక ఐదు సెకన్లు కదలకూడదన్నది ఇంకో నియమం. ఆర్డుయినో యూనో బోర్డులోని గడియారం 0.5 శాతం అటూ ఇటూ పోవచ్చు, అంటే ఐదు సెకన్లలో 25 మిల్లీసెకన్లు. 5,050 పెట్టుకుంటే నిశ్చింత. రెఫరీ కంటికి తెలియదులే అని 4,900 పెట్టేవాళ్లుంటారు. వంద మిల్లీసెకన్ల కోసం తన లెక్కను తనే నమ్మలేని పరిస్థితి తెచ్చుకోవడం నాకైతే తెలివిగా అనిపించదు. చక్రాలకు జిగురు పూసేవాళ్ల కోసం కూడా ఒక పరీక్ష ఉంది. రోబోను ఏ4 కాగితం మీద పెట్టి ఎత్తినప్పుడు కాగితం రెండు సెకన్లకు మించి అంటుకుని ఉంటే అనర్హత. టైర్లు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలినంత పట్టు వస్తుంది.

రెఫరీతో మాట. ఊళ్లో కబడ్డీ ఆడినవాళ్లకు "అంటిండు, అంటలేదు" గొడవ కొత్త కాదు. అక్కడ గొంతు పెద్దదైనవాడిదే గెలుపు. ఇక్కడ అట్లా కుదరదు. మ్యాచ్ అయిన వెంటనే, అరీనా సర్దకముందే, జట్టు నుంచి ఒక్క విద్యార్థి వెళ్లాలి. ఏ నియమం, ఎన్నో సెకను, ఏం చూశారు, ఈ మూడూ చెప్పాలి. ఫోన్లో వీడియో తీసుకెళ్లి మొహం మీద పెట్టకండి. ఎఫ్‌టీసీ (ఫస్ట్ టెక్ చాలెంజ్) వంటి అంతర్జాతీయ పోటీల్లో రెఫరీలు వీడియో చూడరు. వెక్స్ అనే ఇంకో అంతర్జాతీయ రోబోటిక్స్ పోటీల్లో పెద్దవాళ్లు స్కోరు గురించి హెడ్ రెఫరీతో మాట్లాడటానికే వీల్లేదు, రోబో నడిపిన పిల్లలే మాట్లాడాలి. సార్లూ మేడమ్‌లూ, ఈ మాట మీకే. టంకం వేడెక్కగానే చెయ్యి ముందుకు రావడం సహజం, జేబులో పెట్టుకోండి. మీరు అతికిన వైరు రేపు అరీనాలో ఊడితే పిల్లలకు దాన్ని ఎట్లా అతికించాలో తెలియదు.

మర్యాదను ఉపన్యాసాలకు వదిలేయకుండా స్కోరులోనే కలిపిన పోటీలున్నాయి. డీన్ కేమెన్ 1989లో స్థాపించిన ఫస్ట్ సంస్థలో, ఎంఐటీ ప్రొఫెసర్ వుడీ ఫ్లవర్స్ ఈ ఆలోచనకు 'గ్రేషియస్ ప్రొఫెషనలిజం' అని పేరు పెట్టారు. పనిలో పదును, మనిషిలో మర్యాద, రెండూ ఒకేసారి ఉండాలని. 2012 సీజన్‌లో ఆ సంస్థ పోటీలో మైదానం మధ్య ఒక ఊగే వంతెన పెట్టారు. ఎదురెదురు పక్షాల రోబోలు ఒక్కొక్కటి దాని మీదికెక్కి వంతెనను సమతూకంలో నిలిపితే రెండు పక్షాలకూ చెరి రెండు ర్యాంకింగ్ పాయింట్లు. మ్యాచ్ గెలిచినా వచ్చేవి రెండే! వెక్స్‌లో ఇంకో కిటుకు ఉంది. అర్హత మ్యాచుల్లో గెలుపోటములు సమానమైన జట్లను విడదీయడానికి వాడిన లెక్కల్లో ఒకటి, ఓడిన పక్షం చేసిన స్కోరు. 60-5తో గెలిస్తే మీ ఖాతాలో పడేది 5, 60-55తో గెలిస్తే 55. ఎదుటివాళ్లను నేలకు తొక్కితే నష్టం మీకే. మన దగ్గర పోటీలు పెట్టేవాళ్లు దీన్ని అరువు తెచ్చుకోవడానికి పైసా ఖర్చు కాదు. ఫైనల్‌కు పెట్టే ఫ్లెక్సీ ఖర్చు తగ్గించి కొన్ని స్పేర్ మోటర్లు కొన్నా మంచిదే.

ఓడాక ఏం చెయ్యాలన్నది చివరి మాట. చెయ్యి కలపండి, తర్వాత అరగంట ఆగి ఏడవాలనిపిస్తే ఏడవండి, అందులో సిగ్గేం లేదు. కానీ మధ్యాహ్నం బస్సెక్కకండి. సెమీఫైనల్ రోబోల దగ్గరికి వెళ్లి అడగండి: గేర్ నిష్పత్తి ఎంత, బరువు ఎక్కడ పెట్టారు, వైర్లు ఎట్లా కట్టారు. గెలిచే ఊపులో ఉన్నవాళ్లు సంతోషంగా చెప్తారు. గెలిచినవాళ్లు కేకలు వెయ్యండి, అరీనా దాటాక వెయ్యండి, ఓడిన రోబో ఇంకా నేల మీదే ఉంటుంది కాబట్టి.

బయల్దేరే ముందు లైపోను సెల్‌కు 3.8 వోల్టుల దగ్గరికి తెచ్చి పెట్టండి. నిండుగా ఉంచినా, ఖాళీగా ఉంచినా వచ్చే ఏటికి ఉబ్బిపోతుంది. టేబుల్ కింది వైరు ముక్కలు ఏరండి. అప్పిచ్చిన స్క్రూడ్రైవర్ అడిగి తీసుకోండి, మొహమాటపడితే మళ్లీ దొరకదు.